స్కూలు సైకాలజిస్టు మా అబ్బాయిని చూస్తానంటున్నారు, సంతకం పెట్టాలా?

నిజాంపేట అమ్మ
ఆగస్టు 4, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, సీబీఎస్‌ఈ స్కూల్లో ఏడో తరగతి. శుక్రవారం వాడి డైరీలో ఒక కాగితం మడిచి పంపించారు. స్కూలు సైకాలజిస్టు వాడిని కొన్నాళ్ళు తరగతిలో గమనించి, తర్వాత విడిగా మాట్లాడాలనుకుంటున్నారట. తల్లిదండ్రుల సమ్మతి కావాలని కింద సంతకానికి చోటు వదిలారు. మూడు రోజులుగా ఆ కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను, పెన్ను తీయలేకపోతున్నాను.

మావారు "మనవాడికి ఏమైనా పిచ్చి పట్టిందా?" అని మండిపడుతున్నారు. మా అత్తగారు నరదిష్టి అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పడేశారు. ఇద్దరికీ వాడంటే ప్రాణం. నాకూ భయంగానే ఉంది.

వాడి సంగతి చెబుతాను. నోటితో అడిగితే దేనికైనా జవాబు చెబుతాడు. చంద్రయాన్-3 చంద్రుడి మీద ఎలా దిగిందో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు పూసగుచ్చినట్టు చెప్పాడు. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం గొంతు పెగలదు. నిన్న వాడి ఇంగ్లిష్ నోటుబుక్కు తీశాను. ఒకే మాటను రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి, కాగితానికి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి కింది పేజీలో చెరిపిన ఇంకో మాట కనిపిస్తోంది. ఆదివారం సాయంత్రమైతే చాలు, కడుపునొప్పి అంటాడు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి డబ్బాలో అన్నం సగం తిరిగి వస్తోంది, నీళ్ళ సీసా అయితే నింపింది నింపినట్టే వస్తోంది.

సంతకం పెడితే ఇది వాడి టీసీలోకి ఎక్కుతుందా? రేపు కాలేజీలో ఎవరైనా చూస్తారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


బడిగంట
ఆగస్టు 4, రాత్రి 10:52

అమ్మా, నేను మల్కాజిగిరి వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నా చేత్తో వందల టీసీలు రాశాను. పుట్టిన తేదీ, చదివిన తరగతి, పుట్టుమచ్చలు, ప్రవర్తన, ఇలాంటివే ఉంటాయి. సైకాలజిస్టును కలిశాడని రాయడానికి అందులో గడే లేదు. ఆ భయం వదిలేయండి.

ఇంకో మాట చెప్పాలి. మా బడిలో సైకాలజిస్టు లేరు. చివరి బెంచీలో మాట్లాడకుండా కూర్చునే ఒక పిల్లవాడిని "బుద్ధిమంతుడు, అల్లరి చేయడు" అనుకుంటూ రెండేళ్ళు గడిపాను. వాడికి ఎడమ చెవి వినిపించదని బడికి వచ్చిన ఆరోగ్య శిబిరంలో తెలిసింది. అప్పటిదాకా వాడిని ఎన్నిసార్లు "చెప్పేది వినవా?" అని గద్దించానో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ స్కూల్లో చూసే మనిషి ఉన్నారు. చూడనివ్వండి.


ఇసిఐఎల్ నాన్న
ఆగస్టు 4, రాత్రి 11:15

తొందరపడకండి. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా మేమూ ఇలాగే సంతకం పెట్టాం. రిపోర్టు వచ్చిన వారం తిరగకుండానే అందులోని అంకెలు స్టాఫ్‌రూమ్‌లో అందరి నోటా ఉన్నాయి. ఒక టీచర్ పిల్లలందరి ముందే "నీలాంటివాళ్ళకు వేరే స్కూళ్ళు ఉంటాయి" అన్నారు. మార్చిలో మమ్మల్ని పిలిచి, ఇక్కడి వేగం పాప తట్టుకోలేదు, మీరే టీసీ తీసుకుంటే మర్యాదగా ఉంటుంది అన్నారు. రిపోర్టు నకలు అడిగితే అది స్కూలు రికార్డు అన్నారు. ఆ వేసవి అంతా మా పాప పెన్సిలు ముట్టుకోలేదు.

సైకాలజిస్టులు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. ఆ గదిలోంచి కాగితం ఎవరి చేతికి వెళుతుందో తెలుసుకోకుండా మాత్రం సంతకం పెట్టవద్దు.


పచ్చ తలుపు
ఆగస్టు 5, ఉదయం 6:30

నగరంలో రెండు స్కూళ్ళలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇది పన్నెండో ఏడు.

ముందుగా ఇసిఐఎల్ నాన్న గారికి. మీ పాపకు జరిగింది అన్యాయం. రిపోర్టు పిల్లలకూ తల్లిదండ్రులకూ చెందుతుంది. టీచర్లకు చెప్పాల్సింది "ఈ పాపతో తరగతిలో ఇలా చేయండి" అన్నంత వరకే, అంకెలు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం) లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. గుర్తింపు పొందిన విద్యాసంస్థలు అలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. మీరే టీసీ తీసుకోండి అని ఎవరైనా అంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. నోటితో సులువుగా అనే మాటను కాగితం మీద పెట్టడానికి చాలామంది జంకుతారు.

ఇక నిజాంపేట అమ్మ గారికి. మీవారికి కోపం అన్నారు, ఆ కోపం నాకు కొత్త కాదు. ఆయనకు ఒక విషయం చెప్పండి: స్కూలు సైకాలజిస్టు మందులు రాయరు. మందులు రాసేవారు సైకియాట్రిస్టు, ఆయన వైద్యుడు. పరీక్షలు చేసి ఇది ఫలానా అని నిర్ధారించే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగే హక్కు మీకు ఉంది, అడిగితే ఎవరూ నొచ్చుకోరు. స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే చదవడం, రాయడం ఇంకో దారిలో నేర్పే టీచర్. ఈ ముగ్గురికీ, తరగతికీ, ఇంటికీ మధ్య తిరిగే మనిషి స్కూలు సైకాలజిస్టు. మా పనిలో సగం పిల్లలతో, మిగతా సగం పెద్దవాళ్ళతోనే.

నేను ఏం చేస్తానో చెబుతాను. మొదటి వారం ఆ పిల్లవాడితో మాట్లాడనే మాట్లాడను. తరగతి అంతటినీ చూడటానికి వచ్చినట్టు వెనుక కూర్చుంటాను. ఒక అమ్మాయిని అలా గమనించినప్పుడు తెలిసింది: టీచర్ వరుసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివిస్తుంటే, తన వంతుకు ఏ పేరా వస్తుందో ఆ పాప వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆ నాలుగు వాక్యాలనూ పక్క అమ్మాయి చేత గుసగుసగా చదివించుకుని కంఠస్థం చేస్తోంది. తన వంతు రాగానే తడుముకోకుండా అప్పజెప్పింది. మూడేళ్ళుగా ఆ పాపకు చదవడం రాదని ఎవరికీ తెలియదు. ఒకరోజు మధ్యలో ఒకరు సెలవు పెట్టారు, లెక్క తప్పింది. ఆ పాప మొహం చూసినవారు ఎవరూ ఆమెను సోమరి అనలేరు.

గమనించాక కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించమంటాను. ఇవి తప్పనిసరి. అవి సరిగా ఉంటేనే ముందుకు వెళ్ళడం. తెలివితేటల స్థాయికి బినే-కామత్, మాలిన్ స్కేలు లాంటి పరీక్షలు, చదవడం, రాయడం, లెక్కలకు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సముదాయం మన దగ్గర వాడుకలో ఉన్నాయి. ఒక్క అంకె చూసి ఎవరూ నిర్ణయానికి రాకూడదు. అభ్యసన వైకల్యానికి ప్రభుత్వ ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు, కాబట్టి మీవాడికి వయసు అడ్డు కాదు. అలాంటి పత్రం ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు.

ఇదంతా ఒక ఎత్తు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. నీళ్ళ సీసా.

రోజంతా బడిలో నీళ్ళు తాగని పిల్లల్లో చాలామంది బాత్‌రూమ్‌కు వెళ్ళాల్సి వస్తుందనే తాగరు. చదువు కష్టమైన పిల్లవాడు డైరీ పోగొడతాడు, పెన్సిలు చెక్కుతూ కూర్చుంటాడు, కానీ నీళ్ళు తాగుతాడు. దయచేసి ఈ రోజు మెల్లగా అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు. బండి మీద వెళ్తూనో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో అడగండి. "ఎవరేం చేశారు?" అని మొదలుపెట్టవద్దు. "మీ స్కూల్లో బాత్‌రూమ్ ఎక్కడుంటుంది, ఎలా ఉంటుంది?" అని చోటు గురించి అడగండి.


మూసీ ఒడ్డు
ఆగస్టు 5, మధ్యాహ్నం 1:10

పాతబస్తీలో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. పచ్చ తలుపు మేడమ్ చెప్పినదానికి ఒకటి కలపాలి. మన నగరంలో పిల్లలకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడి ఇంగ్లిష్ మీడియంలో చేరిన పాపనూ, ఒడిశా నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబంలోని బాబునూ ఇంగ్లిష్ పేరా ఇచ్చి పరీక్షించి "డిస్లెక్సియా" అంటే అది పరీక్ష కాదు. కొత్త భాష కాబట్టి తడబడే పిల్లలు తమ భాషలో కథ చెబితే గలగలా చెబుతారు, తమ లిపి నేర్చుకుని ఉంటే చదువుతారు కూడా. నిజంగా అభ్యసన వైకల్యం ఉన్నవారికి చాలావరకు ఏ లిపి అయినా ఇబ్బందే. మీ బాబును తెలుగులో కూడా చదివించి చూశారా అని వాళ్ళను తప్పకుండా అడగండి. తెలుగులో ఒత్తులు, గుణింతాల దగ్గర పడే తప్పులు నాకు ఇంగ్లిష్ స్పెల్లింగుల కంటే ఎక్కువ చెబుతాయి.


నిజాంపేట అమ్మ
ఆగస్టు 5, రాత్రి 11:40

చేతులు వణుకుతున్నాయి. మీరు చెప్పినట్టే బండి మీద వస్తూ అడిగాను. మొదట "బాగానే ఉంటుంది" అన్నాడు. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నా వీపుకు తల ఆనించి, "అమ్మా, రెండో అంతస్తులో బాత్‌రూమ్‌కు బయట కూడా గడియ ఉంటుంది" అన్నాడు.

అంతే, ఇంటికి వచ్చేదాకా నేను మాట్లాడలేదు. రాత్రి పడుకునేటప్పుడు వాడే మిగతాది చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు బయట గడియ పెట్టి, లైటు ఆర్పి, తలుపు మీద బాదుతారట. జూన్‌లో ఒకసారి అలా లోపలే ఉండిపోయి తరగతికి ఆలస్యంగా వెళ్తే టీచర్ పీరియడ్ అంతా బయట నిలబెట్టారట. అందుకని వాడు నీళ్ళు తాగడం మానేశాడు. అప్పుడైతే వెళ్ళే పనే ఉండదు కదా అంటున్నాడు. రెండు నెలలు. నేను రోజూ ఆ నీళ్ళు మొక్కలకు పోస్తూ, తాగడం లేదేమిటని కసిరాను.

మావారు రేపు పొద్దున్నే స్కూలుకు వెళ్ళి ఆ పిల్లల సంగతి తేలుస్తానంటున్నారు. ఏం చేయాలి?


పచ్చ తలుపు
ఆగస్టు 6, ఉదయం 5:55

మీకు చెప్పాడు. అది పెద్ద విషయం, ముందుగా వాడితో "నాకు చెప్పి మంచి పని చేశావు" అనండి. మళ్ళీ మళ్ళీ వివరాలు అడిగి చెప్పించవద్దు. ఇంకేదైనా ఉంటే, శిక్షణ ఉన్నవారి ముందు ఒకసారి చెబితే చాలు.

మీవారిని వెళ్ళమనండి, కానీ పిల్లల దగ్గరికి కాదు. ప్రిన్సిపాల్‌కు తేదీలతో ఉత్తరం రాసి, అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. సైకాలజిస్టు కూడా ఆ సమావేశంలో ఉండాలని అడగండి. ఆ తొమ్మిదో తరగతి పిల్లలను మీవారు గద్దిస్తే ఆ రోజుకు భయపడతారు, మర్నాడు మీవాడికి ఇంకో అంతస్తులో ఎదురవుతారు. పీరియడ్ అంతా బయట నిలబెట్టిన విషయం కూడా అదే ఉత్తరంలో రాయండి. పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

ఒకటి గమనించండి. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని "ఎక్కడ తిరుగుతున్నావు?" అనడానికి బదులు "ఎందుకు ఆలస్యమైంది?" అని పక్కకు పిలిచి అడిగి ఉంటే జూన్‌లోనే తేలిపోయేది. టీచర్లకు నేను పెట్టే శిక్షణల్లో ఎక్కువసేపు ఈ ఒక్క ప్రశ్న మీదే గడుపుతాను.


ఇసిఐఎల్ నాన్న
ఆగస్టు 6, ఉదయం 8:20

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బాబు జాగ్రత్త, అమ్మా.

పచ్చ తలుపు గారూ, సూటిగా ఒకటి అడుగుతాను. పిల్లలు మీకు చెప్పింది ఎవరికీ చెప్పరా? అలాగైతే తల్లిదండ్రులకు తెలిసేదెలా? చెబుతారా? అలాగైతే పిల్లలు నమ్మేదెలా?


పచ్చ తలుపు
ఆగస్టు 6, మధ్యాహ్నం 2:05

మొదటి రోజే పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చెబుతాను. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మూడింటిలో మాత్రం ఉండదు. నిన్ను నువ్వు బాధపెట్టుకోవాలనుకున్నా, నిన్ను ఎవరైనా బాధపెడుతున్నా, నువ్వు ఎవరినైనా బాధపెట్టబోతున్నా, నిన్ను కాపాడగలిగిన పెద్దవాళ్ళకు చెబుతాను. చెప్పే ముందు నీకు చెప్పి చెబుతాను." ఆఖరి వాక్యం పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. రెండేళ్ళ తర్వాత కూడా వచ్చి, "ఇది ఆ మూడింటిలోకి వస్తుందా మేడమ్?" అని గుమ్మం దగ్గర నిలబడి అడిగిన అమ్మాయి ఉంది. వస్తుందని ఆమెకూ తెలుసు, అందుకే వచ్చింది.

లైంగిక వేధింపుల విషయంలో నాకు వేరే దారే లేదు, ఉండకూడదు కూడా. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అలాంటిది జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాచిపెడితే ఏడాది వరకు. స్కూలు పరువు కోసం లోపలే సర్దుకుందాం అనే మాటకు చట్టంలో చోటు లేదు. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో నాలుగేళ్ళ పాపకు జరిగింది నగరం మరచిపోలేదు.

తల్లిదండ్రులు స్టేషన్ అంటే భయపడతారు. పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లలు కోరిన చోటనో తీసుకోవచ్చు. అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు మహిళా అధికారి ఉండాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. మన నగరంలో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది; కౌన్సెలింగు, వైద్యం, న్యాయ సహాయం ఒకే చోట దొరకాలనే దాన్ని పెట్టారు.


సీతాఫలం
ఆగస్టు 7, రాత్రి 12:30

నేను డిగ్రీ రెండో ఏడు విద్యార్థిని. ఇక్కడ అందరూ తల్లిదండ్రులే, విద్యార్థిగా నేనూ ఒకటి రాయాలనిపించింది. ఇంటర్ హాస్టల్ కాలేజీలో చదివాను. ప్రతి వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పరుపు, ట్రంకు పెట్టె మోసుకుని వరండా దాటడం ఒక ఆదివారం నా వంతు అయింది. ఆ తర్వాత నెల రోజులు బతకాలని అనిపించలేదు.

ఇంట్లో ఫోన్‌లో "బాగా చదువుతున్నావా?" అనేవారు. "చదువుతున్నా" అనేదాన్ని. అప్పుడప్పుడు వచ్చే ఒక కౌన్సెలర్ మేడమ్ మాత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకుని, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగారు. అంత సూటిగా. ఆ మాట బయట నుంచి వినగానే లోపల బిగుసుకున్నదేదో వదులైంది. గంటసేపు ఏడ్చాను. ఆ రాత్రి నన్ను ఒంటరిగా పడుకోనివ్వలేదు, అమ్మానాన్నలను పిలిపించారు, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో డాక్టరుకు చూపించారు. ఆవిడ అడగడం వల్ల నాకు ఆ ఆలోచన రాలేదు. అది అప్పటికే ఉంది. అడగడం వల్ల దాన్ని ఒకరి ముందు పెట్టగలిగాను.

ఎవరికైనా ఈ రాత్రి అలా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళకైనా ఎత్తుతారు.


వేపచెట్టు
ఆగస్టు 7, ఉదయం 9:00

అమ్మా సీతాఫలం, నీ మాట వందమందికి చేరాలి.

నేను మనస్తత్వ శాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్‌ను. నువ్వు మోసిన ఆ ట్రంకు పెట్టె గురించి సుప్రీంకోర్టు మాట్లాడింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో, 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి.

ఈ వృత్తి పుట్టుక కూడా గుర్తుచేస్తాను. 1896లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మొదటి మనస్తత్వ చికిత్సాలయం తెరిచినప్పుడు, ఆయన దగ్గరికి వచ్చిన మొదటి పిల్లవాడు తెలివైనవాడే, స్పెల్లింగు మాత్రం పట్టుబడనివాడు. తీసుకొచ్చింది అతని టీచరే. ఒక టీచర్‌కు ఓపిక నశించి ఉంటే ఆ చరిత్ర ఇంకోలా ఉండేది. అక్కడి స్కూలు సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది విద్యార్థులకు ఒక సైకాలజిస్టు ఉండాలంటుంది. మన నగరంలో రెండు, మూడు వేలమంది పిల్లలున్న స్కూళ్ళలో ఒక్కరు ఉంటారు, ఆ ఒక్కరికీ పరీక్షల డ్యూటీ, వార్షికోత్సవం పనులు అప్పజెబుతారు. తల్లిదండ్రుల సమావేశంలో ఫీజు గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడగాలి.


నిజాంపేట అమ్మ
ఆగస్టు 29, రాత్రి 9:45

ఇన్నాళ్ళు రాయలేదు, క్షమించండి. సంతకం పెట్టాం. పెట్టింది మావారే. ఇసిఐఎల్ నాన్న గారి మాట గుర్తుపెట్టుకుని, సంతకం పైన రెండు వాక్యాలు రాశాకే పెట్టారు.

సైకాలజిస్టు చిన్న వయసు అమ్మాయి. ఆవిడ గది మెట్ల కింద, ఆటవస్తువుల గది పక్కన. తలుపుకు సగం వరకు అద్దం ఉంది, లోపల ఎవరున్నారో బయటికి కనిపిస్తుంది, మాట వినిపించదు. అద్దం ఎందుకని అడిగితే, పిల్లల భద్రతకు అని చెప్పారు. ఆ ఒక్క జవాబుతో మావారు కొంచెం కుదుటపడ్డారు.

ఆవిడ మావాడి పేరు ఎక్కడా బయటపెట్టలేదు. ఆరు నుంచి తొమ్మిది వరకు అన్ని తరగతుల పిల్లలకూ స్కూలు పటం గీసిన కాగితాలు ఇచ్చి, మీకు హాయిగా ఉండే చోట పచ్చరంగు, వెళ్ళడానికి ఇష్టం లేని చోట ఎర్రరంగు వేయమన్నారట. పేర్లు రాయవద్దన్నారు. రెండో అంతస్తు బాత్‌రూమ్ ఎర్రగా నిండిపోయిందట, ఒక్క మావాడి కాగితంలోనే కాదు. బస్సులు ఆగే చోట వెనుక గోడ కూడా ఎర్రగానే వచ్చింది, అది ఇంకో కథ, వాళ్ళు చూస్తున్నారు. ఆ కాగితాలన్నీ ప్రిన్సిపాల్ బల్ల మీద పరిచి చూపించారు. మర్నాడే బయటి గడియలు ఊడదీశారు, లైటు స్విచ్ లోపలికి మార్చారు. విరామంలో ఆ అంతస్తులో ఒక ఆయమ్మ ఉంటోంది.

ఆ ముగ్గురు పిల్లలతో ఆవిడే విడివిడిగా మాట్లాడారు. వాళ్ళలో ఒకడిని ఆరో తరగతిలో ఉండగా అదే బాత్‌రూమ్‌లో అలాగే పెట్టి గడియ వేశారట. ఇది విన్నప్పుడు మావారు ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్లవాడి అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

చదువు సంగతి వేరేగా నడుస్తోంది. కంటి పరీక్షలో తేడా లేదు, చెవులు బాగున్నాయి. మూసీ ఒడ్డు గారు చెప్పినట్టు తెలుగులో కూడా చదివించారు. "సంక్రాంతి"ని "సంకాత్రి" అని చదివాడు, ఒత్తు కనిపిస్తోందట కానీ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదట. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్షలు సగం అయ్యాయి, మిగతావి వచ్చే వారం. పేరేదైనా రానివ్వండి, ఇప్పటికైతే టీచర్లు ముందుగా చెప్పకుండా వాడి చేత గట్టిగా చదివించడం మానేశారు. సామాన్య శాస్త్రం యూనిట్ పరీక్షలో నోటితో అడిగి 25కు 22 వేశారు.

నీళ్ళు తాగుతున్నాడు. ఆదివారం కడుపునొప్పి మాత్రం ఇంకా పోలేదు. వెంటనే పోదని, దానికి సమయం ఇవ్వమని ఆవిడ అన్నారు.


గోల్కొండ గాలి
ఆగస్టు 30, ఉదయం 7:30

మొదటిసారి రాస్తున్నాను. ఇదంతా పెద్ద ఫీజులు కట్టే స్కూళ్ళ మాట. మా పాప చదివే చిన్న బడ్జెట్ స్కూల్లో కౌన్సెలర్ అనే మాటే ఎవరూ వినలేదు. మాలాంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?


బడిగంట
ఆగస్టు 30, ఉదయం 8:15

అన్నా, మీ బాధ నిజం. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి, అక్కడ శిక్షణ ఉన్న రిసోర్స్ టీచర్లు ఉంటారు. ఎదుగుదలలో బాగా వెనుకబాటు కనిపిస్తే బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. చాలా దూరం నుంచి కూడా అక్కడికి పిల్లలను తీసుకొస్తారు. ఎవరైనా పిల్లలను బాధపెడుతున్నారని తెలిస్తే 1098. మనసు బాగా లేకపోతే సీతాఫలం ఇచ్చిన 14416. ఇవన్నీ స్కూల్లో రోజూ కనిపించే మనిషికి సాటి రావు, ఆ సంగతి నాకూ తెలుసు. సుప్రీంకోర్టు వందమంది అన్నది కదా, మీ స్కూల్లో ఎంతమంది ఉన్నారో రాసి యాజమాన్యానికి ఒక అర్జీ పెట్టండి. నలుగురు తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. అర్జీ రాయడం కష్టమైతే నాకు సందేశం పంపండి, నేను రాసిపెడతాను.


ఇసిఐఎల్ నాన్న
ఆగస్టు 30, రాత్రి 8:50

నిజాంపేట అమ్మ గారూ, మీ పోస్టు మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా అమ్మాయి ఇప్పుడు కొత్త స్కూల్లో ఆరో తరగతి. అక్కడి కౌన్సెలర్ నిన్న అలాంటి కాగితమే పంపించారు. నా అనుమానం పూర్తిగా పోలేదు, కానీ ఈసారి కాగితాన్ని వెనక్కి పంపించను. మీవారు సంతకం పైన రాసిన ఆ రెండు వాక్యాలు ఇక్కడ పెడతారా?


నిజాంపేట అమ్మ
ఆగస్టు 30, రాత్రి 9:10

తప్పకుండా అన్నయ్యా. నకలు చూసి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మా అబ్బాయి గురించి తయారయ్యే ప్రతి రిపోర్టు నకలు ముందుగా మాకు ఇవ్వాలి, మా రాతపూర్వక అనుమతి లేకుండా టీచర్లతో సహా ఎవరికీ చూపించకూడదు, వాడి భద్రతకు ప్రమాదం ఉన్నప్పుడు తప్ప. వాడిని ఏ పరీక్షకు కూర్చోబెట్టినా, అది ఎందుకో ముందుగా వాడికి అర్థమయ్యేలా వాడితోనే చెప్పాలి."